కలపడం తెలిస్తే మందు.. తెలియకుంటే మడ్డి!

నిమ్మ అనగానే గూడూరు మార్కెట్ గుర్తుకొస్తుంది. ఇక్కడ గోతాల్లో నింపిన కాయలు ఉత్తరాది రాష్ట్రాల దాకా లారీల్లో పోతాయి. నిమ్మరైతుకు ధర ఎంత పలుకుతుందోనన్నది ఒక బెంగ, కాయ మీద గజ్జి మచ్చ పడుతుందేమోనన్నది ఇంకో బెంగ. మచ్చ పడిన కాయ పుల్లదనంలో ఏ మాత్రం తీసిపోదు. అయినా బేరం కాడ అది వేరే కుప్పలోకి పోతుంది.

వాన మబ్బులు కమ్మితే చాలు, ఎరువుల అంగళ్ల ముందు ఒకే మాట వినపడుతుంది. "ఇదీ అదీ కలిపి ఒక్కసారే కొట్టేస్తే పోలా?" అడిగే రైతు తప్పేం లేదు. మందు కొట్టే కూలీకి డబ్బు, డీజిలుకు డబ్బు. రెండు మాట్ల పని ఒక మాటుతో అయితే అంతా మిగులే. అయితే కొన్ని కలిపితే ఏ ఇబ్బందీ ఉండదు. కొన్ని కలిపితే రెండు మందులూ నేలపాలవుతాయి. మరికొన్ని కలపాల్సిన పాళ్లలో కలపకపోతే ఆకు మాడిపోతుంది.

ఇది అదృష్టానికి సంబంధించిన వ్యవహారం కాదు. నీళ్లలో ఏం జరుగుతుందో ముందే చెప్పొచ్చు. బడిలో రసాయన శాస్త్రం పుస్తకంలో ఉన్న విషయమే ఇది. అక్కడ గాజు గొట్టంలో జరిగేది మన దగ్గర రెండు వందల లీటర్ల డ్రమ్ములో జరుగుతుంది. తేడా అంతే.

కరగడం అంటే ఏమిటి?

చెంబు నీళ్లలో చారెడు ఉప్పు వేసి కలిపితే ఉప్పు కనపడదు. అది ఎక్కడికీ పోలేదు. ఉప్పు రాయిలో సోడియం, క్లోరైడు అనే రెండు రకాల కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. నీళ్లు ఆ పట్టు విడిపిస్తాయి. విడిపోయిన కణాలకు బ్యాటరీ కొసల మాదిరి ఒకదానికి ధన విద్యుత్తు, ఇంకోదానికి రుణ విద్యుత్తు ఉంటుంది. వీటినే అయాన్లు అంటారు. లవణాలు నీళ్లలో ఇట్లా విడిపోతాయని 1880 దశకంలో చెప్పినవాడు స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్. మొదట్లో ఆయన మాటను పెద్దలు అంతగా పట్టించుకోలేదు. 1903లో అదే పనికి నోబెల్ బహుమతి ఇచ్చారు.

బోరు నీళ్లు పరీక్షకు పంపితే వచ్చే చీటీలో ఇ.సి. అని ఒక అంకె ఉంటుంది. నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చెప్పే అంకె అది. అయాన్లు ఎక్కువుంటే కరెంటు ఎక్కువ పారుతుంది. అంటే ఆ నీళ్లలో ఉప్పు ఎక్కువున్నట్టు లెక్క.

మొక్క వేరు తినేది ఇట్లా కరిగి విడిపోయిన అయాన్లనే. కరగని సరుకు చేలో ఎంత ఉన్నా వేరుకు అందదు. గూడూరు, సైదాపురం ప్రాంత రైతుకు ఇది కళ్లెదుటి సంగతే. ఇక్కడ అభ్రకం గనులున్నాయి. అభ్రకంలో నూటికి పది పాళ్ల దాకా పొటాష్ ఉంటుంది. అట్లని అభ్రకం పొడి చల్లి పొటాష్ వేశామనుకునే రైతు ఒక్కడూ లేడు. అది నీళ్లలో కరగదు, ఆ పొటాష్ రాయిలో బిగిసిపోయి ఉంటుంది. అంగట్లో తెచ్చే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అట్లా కాదు. నీళ్లు తగలగానే విడిపోతుంది.

కాబట్టి మొదటి సంగతి: సంచి మీద ఎంత శాతం అని రాసి ఉంది అన్నది ఎంత ముఖ్యమో, అది నీళ్లలో కరిగి ఉందా లేదా అన్నది అంతే ముఖ్యం.

కరిగేవి.. కరగనివి

ఇప్పుడు రెండు వేర్వేరు బక్కెట్లలో రెండు మందులు కరిగించాం. రెండూ తేటగా ఉన్నాయి. ఒకదాంట్లో ఒకటి పోశాం. ఇప్పుడు డ్రమ్ములో నాలుగు రకాల అయాన్లు కలిసి తిరుగుతుంటాయి. ఇందులో ఏ రెండైనా ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటే నీళ్లు మళ్లీ విడదీయలేవు. అవి జతకట్టి అడుక్కు దిగిపోతాయి. అడుక్కు దిగిన దాన్ని పుస్తకాల్లో అవక్షేపం అంటారు. మనం మడ్డి అంటాం.

ఏవి జతకడతాయో చెప్పేందుకు నాలుగు గుర్తులు చాలు.

- నైట్రేట్లు అన్నీ కరుగుతాయి.

- సోడియం, పొటాషియం, అమ్మోనియం ఉన్న లవణాలు దాదాపు అన్నీ కరుగుతాయి.

- సల్ఫేట్లలో చాలా వరకు కరుగుతాయి. మైలుతుత్తం, జింక్ సల్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్, అన్నభేది ఈ కోవలోవే. జిప్సం మాత్రం కొంచెమే కరుగుతుంది. లీటరు నీటికి రెండు గ్రాములకు కాస్త పైన, అంతే.

- ఫాస్ఫేట్లు, కార్బొనేట్లు, హైడ్రాక్సైడ్లు సున్నంతోనో, జింకుతోనో, రాగితోనో, ఇనుముతోనో కలిస్తే చాలా వరకు మడ్డి కడతాయి.

నాలుగో గుర్తే రైతుకు ఎక్కువ పనికొచ్చేది. నష్టమంతా అక్కడే జరుగుతుంది. చిత్రమేమంటే, నిమ్మతోటకు కాపలా కాసే మందు పుట్టేదీ అక్కడే.

కావాలని చేసే మడ్డి - బోర్డో మిశ్రమం

ఫ్రాన్సు దేశంలో బోర్డో అనే ఊరు ద్రాక్ష తోటలకు పేరు. 1878 ప్రాంతంలో అమెరికా నుంచి వచ్చిన బూజు తెగులు అక్కడి తోటల్ని తుడిచిపెట్టసాగింది. 1882లో మిల్లార్డెట్ అనే వృక్షశాస్త్ర పండితుడు ఒక తోట పక్కగా పోతూ ఒక వింత చూశాడు. బాట పక్కనున్న చెట్లకు ఆకు పచ్చగా ఉంది. లోపలి చెట్లన్నీ ఆకు రాల్చేశాయి. విచారిస్తే తెలిసిందేమంటే, దారిన పోయేవాళ్లు గెలలు కోసుకుపోకుండా రైతు బాట పక్క చెట్ల మీద మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్లు చల్లాడు. చూడ్డానికి నీలంగా, విషంలా ఉంటే ఎవరూ ముట్టరని అతని ఉపాయం. దొంగల కోసం చల్లింది తెగులును ఆపింది. మిల్లార్డెట్ దానిమీద పరీక్షలు చేసి 1885లో లోకానికి ప్రకటించాడు. బోర్డో మిశ్రమం అనే పేరు అట్లా వచ్చింది. ఇప్పటికీ మన తోటల్లో గజ్జి తెగులుకు వాడేవాటిలో అది ఒకటి.

డ్రమ్ములో జరిగేది ఇది:

కాపర్ సల్ఫేట్ + కాల్షియం హైడ్రాక్సైడ్ = కాపర్ హైడ్రాక్సైడ్ + కాల్షియం సల్ఫేట్.

మన మాటల్లో మైలుతుత్తం, తడి సున్నం కలిసి నీటిలో కరగని రాగి మడ్డి, జిప్సం అవుతాయి. ఆ లేత నీలం మడ్డే మనకు కావలసిన మందు.

కరగని మందు ఎందుకు అని అడగవచ్చు. మైలుతుత్తం ఒక్కటే నీళ్లలో కలిపి కొడితే రాగి మొత్తం కరిగిన రూపంలో ఒక్కసారే ఆకులోకి దిగుతుంది. తెగులుతో పాటు ఆకూ మాడుతుంది. పైగా ఒక్క వానకు కడుక్కుపోతుంది. అదే రాగి సున్నంతో కలిసి మడ్డిగా మారితే ఆకు మీద పలుచని పొరలా అంటుకుంటుంది. మంచుకు, వాన తడికి కొంచెం కొంచెంగా మాత్రమే రాగిని వదులుతుంది. ఆ కొంచెం సూక్ష్మజీవిని చంపడానికి చాలు, ఆకును కాల్చడానికి చాలదు.

గజ్జి తెగులు బ్యాక్టీరియా వల్ల వస్తుంది. గాలితో కూడిన వానకు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పాకుతుంది. ముల్లు గీరిన చోట, ఆకు తొలుచు పురుగు తొలిచిన చోట సులువుగా లోపలికి దూరుతుంది. దూరిన తర్వాత బోర్డో పొర ఏమీ చేయలేదు. అందుకే వానలు పడకముందే తెగులు కొమ్మలు కత్తిరించి కాల్చేసి, ఆ వెంటనే మందు కొట్టాలి. మన ప్రాంతానికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కాబట్టి అక్టోబరుకు ముందే ఈ పని అయిపోవాలి.

తయారుచేసే పద్ధతి

నూటికి ఒక శాతం మిశ్రమానికి మైలుతుత్తం ఒక కిలో, కాల్చిన సున్నం ఒక కిలో, నీళ్లు వంద లీటర్లు. ఇందులో ఒక్కో మెట్టుకు ఒక్కో కారణం ఉంది.

1. మైలుతుత్తాన్ని పొడి చేసి పలుచని గుడ్డలో మూటకట్టి, 50 లీటర్ల నీళ్లలో పైభాగాన మునిగేట్టు ముందు రోజు రాత్రే వేలాడదీయాలి. కరిగిన నీళ్లు బరువెక్కి అడుక్కు దిగుతాయి, కొత్త నీళ్లు మూట దగ్గరికి వస్తాయి. కలపకుండానే తెల్లారేసరికి కరిగిపోతుంది. మూటను అడుగున పడేస్తే సగం కరగకుండా మిగులుతుంది.

2. సున్నం మీద కొద్దికొద్దిగా నీళ్లు చిలకరించాలి. మంచి సున్నమైతే బుసబుసమని వేడెక్కి, పగిలి పొడి అవుతుంది. ఆ వేడి చేతిని కాల్చేంత ఉంటుంది, కంట్లో పడితే ప్రమాదం. పిల్లల్ని దగ్గరికి రానీయవద్దు. పొడి అయ్యాక 50 లీటర్ల నీళ్లలో కలిపి, గుడ్డలో వడగట్టాలి.

3. సున్నపు నీళ్లు పూర్తిగా చల్లారే దాకా ఆగాలి. వేడి మీద కలిపితే నీలం మడ్డి నల్లబడి వేరే పదార్థంగా మారుతుంది. ఆకుకు అంటుకునే గుణం పోతుంది.

4. రెండు నీళ్లనూ మూడో డ్రమ్ములోకి ఇద్దరు మనుషులు ఒకేసారి సన్నని ధారగా పోస్తుంటే, ఇంకొకరు కర్రతో కలుపుతూ ఉండాలి. పలుచగా, చల్లగా, నిదానంగా కలిపితే మడ్డి మెత్తగా వస్తుంది. చిక్కటివి ఒక్కసారే కుమ్మరిస్తే గరుకు రవ్వ కట్టి నాజిలుకు అడ్డం పడుతుంది.

5. కలిపిన రోజే కొట్టాలి. నిలవ ఉంచితే మడ్డి రవ్వలు పెద్దవై అడుగున పేరుకుంటాయి. రేపటికి దాచిన మిశ్రమం మందు కిందికి రాదు.

ఇక్కడ సున్నం గురించి ఒక మాట. లెక్క ప్రకారం కిలో మైలుతుత్తానికి స్వచ్ఛమైన కాల్చిన సున్నం పావుకిలో లోపే సరిపోతుంది. మరి కిలో ఎందుకు? బజార్లో దొరికే సున్నం అంత స్వచ్ఛంగా ఉండదు. గాలికి వదిలేసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చి సుద్దగా మారుతుంది. సుద్ద పైకి తెల్లగానే కనిపిస్తుంది, పని మాత్రం చేయదు. పైగా కొంచెం సున్నం మిగిలితే ఆకుకు రక్షణ, రాగి మిగిలితే ఆకుకు చేటు. అందుకని సున్నం వైపే మొగ్గు చూపుతారు. నీళ్లు చిలకరిస్తే వేడెక్కని సున్నం చచ్చిన సున్నం. దాన్ని వాడొద్దు.

మొదలు దగ్గర బంక కారే చెట్లకు ఇదే సరుకుతో ముద్ద చేసుకోవచ్చు. మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్లు మాత్రం పది లీటర్లే. బంకను గీకేసి, ఆ చోట ఈ ముద్దను కుంచెతో పూయాలి.

చాకు చెప్పే నిజం

మిశ్రమం కలిపాం. రాగి అంతా మడ్డి కట్టిందా, ఇంకా కరిగి ఉందా? కంటికి తెలియదు. మెరిసేట్టు రుద్దిన ఇనుప చాకును డ్రమ్ములో ఒక్క నిమిషం ముంచి తీయండి. చాకు మీద ఎర్రటి రాగి పూత కనిపిస్తే కరిగిన రాగి మిగిలి ఉందన్నమాట. ఇంకొంచెం సున్నపు నీళ్లు పోసి కలిపి, చాకును మళ్లీ రుద్ది ముంచండి. పూత పడనిదాకా ఇట్లాగే చేయాలి.

కారణం ఏమంటే, ఇనుము రాగి కంటే త్వరగా నీళ్లలోకి దిగే లోహం. ఇనుము కరిగి నీళ్లలోకి పోతుంది, దాని చోటులో రాగి లోహమై చాకుకు అంటుకుంటుంది. పుస్తకాల్లో దీన్ని స్థానభ్రంశ చర్య అంటారు.

ఇదే కారణంగా మైలుతుత్తాన్ని ఇనుప డ్రమ్ముల్లో, జింకు పూత రేకు బక్కెట్లలో కలపకూడదు. పాత్ర తినేసుకుపోతుంది, మందులో రాగి తగ్గిపోతుంది. వెనక మట్టి తొట్లు, చెక్క పీపాలు వాడేవాళ్లు. ఇప్పుడు ప్లాస్టిక్ డ్రమ్ములున్నాయి, దిగులు లేదు.

ఎర్రనీళ్ల పరీక్ష

దిష్టి తీసేటప్పుడు ఆడవాళ్లు పళ్లెంలో పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్లు చేస్తారు. పసుపూ ఎరుపు కాదు, సున్నమూ ఎరుపు కాదు. రెండూ కలిస్తే ఎర్రబడుతుంది. సున్నం లాంటివాటిని క్షారాలంటారు. క్షారం తగిలితే పసుపు రంగు మారుతుంది. అందులోనే నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చబడుతుంది. నిమ్మరసం ఆమ్లం. ఆమ్లం, క్షారం కలిస్తే ఒకదాని గుణాన్ని ఒకటి పోగొట్టుకుని నీరు, లవణం అవుతాయి. దీన్నే తటస్థీకరణం అంటారు.

ఇంట్లో దొరికే ఈ సరుకుతోనే చేలో పరీక్ష చేసుకోవచ్చు. తెల్లటి దళసరి కాగితానికి పసుపు ముద్ద పూసి నీడన ఆరబెట్టి, ముక్కలుగా కత్తిరించి పెట్టుకోండి. మైలుతుత్తం నీళ్లలో ముంచితే అది పచ్చగానే ఉంటుంది, ఆ నీళ్లు ఆమ్ల గుణం కలవి కాబట్టి. సరిగా కుదిరిన బోర్డో మిశ్రమంలో ముంచితే ఎర్రబడాలి. చాకు పరీక్ష, పసుపు పరీక్ష రెండూ నెగ్గితే ధైర్యంగా కొట్టొచ్చు.

ఇంకో సంగతి. బోర్డో మిశ్రమం బాగా క్షార గుణం కలది కాబట్టి దాంట్లో పురుగు మందులు కలపకూడదు. మలాథియాన్, డైమిథోయేట్ లాంటివి క్షారపు నీళ్లలో విరిగిపోయి పస లేకుండా పోతాయి. వాసన వస్తుంది, పురుగు చావదు. పురుగు మందు వేరే రోజు కొట్టుకోవాలి. ఇంత తతంగానికి తీరిక లేని రైతులు కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున వాడుకోవచ్చు. అది ముందే మడ్డిగా తయారుచేసి పొడి చేసిన రాగి మందే.

వద్దన్నా వచ్చే మడ్డి - జింకు, డి.ఏ.పి.

నిమ్మతోట నుంచి వరి కయ్యలోకి వద్దాం. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ముదురు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి, పైరు గిడసబారి నిలబడిపోతే జింకు లోపంగా అనుమానించాలి. ఉత్తరాదిలో ఖైరా అని పిలిచే ఈ జబ్బు తెగులు కాదనీ, జింకు లోపమనీ 1966లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వై.ఎల్.నెనె తేల్చారు.

దీనికి మందు జింక్ సల్ఫేట్. ఆఖరి దుక్కిలో ఎకరాకు 20 కిలోలు వేయమని వ్యవసాయ శాఖ చెబుతుంది. నూటికి 21 పాళ్ల జింకు ఉండే రకమైతే 20 కిలోల్లో అసలు జింకు నాలుగు కిలోల పైచిలుకు. ఆ నాలుగు కిలోలు వేరుకు అందుతాయా, మట్టిలో బిగుసుకుపోతాయా అన్నది దాన్ని దేంతో కలిపి వేశామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఒక్కసారి ఇంట్లో చేసి చూడండి. గాజుగ్లాసులో చెంచాడు డి.ఏ.పి. నానబెట్టి, పైన తేరిన తేటను వేరే గ్లాసులోకి వంచండి. ఇంకో గ్లాసులో చెంచాడు జింక్ సల్ఫేట్ కరిగించి అందులో పోయండి. పాలు విరిగినట్టు తెల్లటి తుంపులు కడతాయి. అది జింక్ ఫాస్ఫేట్. డి.ఏ.పి.లోని భాస్వరం, సల్ఫేట్‌లోని జింకు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఎంత కలిపినా మళ్లీ కరగదు. డబ్బు పెట్టి కొన్న రెండు పోషకాలూ గ్లాసు అడుగున కూర్చున్నాయి.

రెండు ఎరువులూ ఒకే గంపలో కలిపి చల్లితే కయ్యలో జరిగేది కూడా ఈ బాపతే. మొత్తం పోతుందని కాదు. కానీ పైరుకు అందాల్సిన వేళకు అందేది తగ్గిపోతుంది. అందుకే జింక్ సల్ఫేట్‌ను భాస్వరం ఎరువుతో కలపవద్దు, రెంటికీ మధ్య కనీసం మూడు రోజులు ఎడం ఉండాలి అంటారు. పైరు మీద లోపం కనిపించినప్పుడు లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి ఐదారు రోజుల ఎడంతో రెండు మూడు మాట్లు పిచికారీ చేయాలి. ఆ నీళ్లలో యూరియా కలిపితే మడ్డి కట్టదు. డి.ఏ.పి. నీళ్లు కలిపితే కడుతుంది.

భాస్వరానికి ఈ జతకట్టే గుణం పుట్టుకతో ఉంది. భూమిలో దొరికే రాతి ఫాస్ఫేట్ కూడా సున్నంతో బిగుసుకున్నదే, నీళ్లలో కరగదు. 1842లో ఇంగ్లండులో లాస్ అనే ఆయన అలాంటి ఫాస్ఫేట్‌ను గంధకామ్లంతో కలిపి కరిగేట్టు చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అదే మన సూపర్ ఫాస్ఫేట్. ఆమ్లం పెట్టి విడదీసిన భాస్వరాన్ని సున్నం ఎక్కువగా ఉన్న నేలలో వేస్తే మళ్లీ మెల్లగా బిగుసుకుంటుంది. అందుకే భాస్వరం ఎరువును వెదజల్లడం కంటే వేరు దగ్గరగా పడేట్టు వేసుకోవడం మేలు.

గాలిలో కలిసిపోయేవి

మడ్డి కట్టడం ఒక దారి అయితే గాలిగా లేచిపోవడం ఇంకో దారి. అమ్మోనియం సల్ఫేట్‌లో గానీ, డి.ఏ.పి.లో గానీ సున్నం కలిపి తడిపితే ముక్కు అదిరే ఘాటు వస్తుంది. అది అమ్మోనియా. రైతు కొన్న నత్రజని కళ్లముందే గాలిలో కలిసిపోతోందన్నమాట. కట్టెల బూడిద కూడా క్షారమే. అమ్మోనియం ఉన్న ఎరువుల్ని సున్నంతో, బూడిదతో ఎప్పుడూ కలపకూడదు.

రొయ్యల గుంటలున్న రైతులు కూడా ఇది గమనించాలి. నీళ్లలో అమ్మోనియా ఎక్కువున్నప్పుడు పి.హెచ్. పెరిగే కొద్దీ అది రొయ్యకు విషమయ్యే రూపంలోకి మారుతుంది. ఎండవేళ గుంటలో పి.హెచ్. మామూలుగానే పెరిగి ఉంటుంది. పరీక్ష చేయించకుండా అప్పుడు సున్నం వేస్తే మేలు కంటే కీడు ఎక్కువ.

ఇక డ్రిప్పు పెట్టిన తోటల్లో డ్రిప్పర్ల దగ్గర తెల్లగా పేరుకునేది చాలావరకు సున్నపు రాయే. బోరు నీళ్లలో కరిగి వచ్చిన సున్నం ఎండకు గొట్టాలు వేడెక్కినప్పుడు కార్బొనేటుగా గడ్డకడుతుంది. అవునో కాదో తెలుసుకోవడానికి మన తోట కాయే చాలు. ఆ తెల్లటి పెచ్చు మీద నిమ్మరసం పిండండి. బుడగలు వస్తే కార్బొనేటు. ఆమ్లంతో శుభ్రం చేస్తే పోతుంది. బుడగలు రాకపోతే అది జిప్సమో, బురదో, పాచో అయి ఉండవచ్చు. ఆమ్లం పోసి లాభం లేదు.

ఆమ్లం వాడేటప్పుడు డ్రిప్పు కంపెనీవాళ్లు చెప్పిన పాళ్లు దాటవద్దు. నీళ్లలో ఆమ్లం పోయాలి గానీ ఆమ్లంలో నీళ్లు పోయరాదు. పోస్తే ఒక్కసారిగా వేడెక్కి ముఖం మీదికి చిందుతుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఈ పనికి దిగవద్దు.

డ్రిప్పులో ఎరువులు పంపే రైతులు కాల్షియం నైట్రేట్‌ను ఫాస్ఫేట్ ఎరువులతో గానీ, మెగ్నీషియం సల్ఫేట్ లాంటి సల్ఫేట్లతో గానీ ఒకే తొట్టిలో కలపకూడదు. ఫాస్ఫేట్‌తో కలిస్తే కాల్షియం ఫాస్ఫేట్, సల్ఫేట్‌తో కలిస్తే జిప్సం తయారై గొట్టాల్లోనే గడ్డకడతాయి. ఒకటి ఒక రోజు, ఇంకోటి ఇంకో రోజు పంపాలి. మధ్యలో మంచినీళ్లు పారించాలి.

కొన్ని బోర్లలో నీళ్లు వచ్చేటప్పుడు తేటగా ఉండి, కాసేపటికి ఎర్రబడతాయి. కరిగి ఉన్న ఇనుము గాలి తగిలి తుప్పు మడ్డిగా మారుతుంది. అలాంటి నీళ్లను నేరుగా డ్రిప్పుకు పెట్టకుండా, ముందు తొట్టిలో ధారగా పోసి, మడ్డి దిగాక పైన తేరిన నీళ్లను వడపోసి వాడుకోవాలి.

గాజుగ్లాసు పరీక్ష

పట్టికలన్నీ గుర్తుపెట్టుకోవడం ఎవరికైనా కష్టమే. అంగట్లో అడిగితే "ఏం కాదులే, కొట్టు" అనే మాటా వినపడుతుంది. డ్రమ్ములో పోసే ముందు గాజుగ్లాసును అడగండి.

తోటకు వాడే నీళ్లే ఒక పారదర్శకమైన సీసాలో లీటరు తీసుకోండి. డ్రమ్ములో వేసే పాళ్ల ప్రకారం ఒక్కో మందూ కొలిచి వేయండి. ఒకటి పూర్తిగా కలిశాకే ఇంకోటి వేయాలి. మూత పెట్టి కదిలించి అరగంట పక్కన పెట్టండి. పెరుగులా తుంపులు కట్టినా, కదిలిస్తే మళ్లీ కలవని మడ్డి దిగినా, సీసా వేడెక్కినా, బుడగలు, ఘాటు వచ్చినా ఆ కలయిక వద్దు. అవేవీ లేకపోతే డ్రమ్ములో కలవడానికి అడ్డంకి లేనట్టే. అయితే ఈ పరీక్ష ఆకు మాడదని హామీ ఇవ్వదు. కొత్త కలయికను ముందు రెండు చెట్ల మీద కొట్టి నాలుగైదు రోజులు ఆగి చూడాలి. పరీక్షకు వాడిన సీసాను, గ్లాసును మళ్లీ ఇంట్లో వాడవద్దు.

రైతులు గుర్తుంచుకోవలసినవి

- బోర్డో మిశ్రమాన్ని చాకు పరీక్ష చేయకుండా కొట్టవద్దు.

- మైలుతుత్తం నీళ్లకు ప్లాస్టిక్, మట్టి, చెక్క పాత్రలే వాడాలి.

- వేడెక్కని పాత సున్నం మందుకు పనికిరాదు.

- బోర్డోలో పురుగు మందులు కలపరాదు.

- జింక్ సల్ఫేట్‌కూ భాస్వరం ఎరువుకూ మూడు రోజులు ఎడం పెట్టాలి.

- సున్నం, బూడిద ఉన్న చోట అమ్మోనియం ఎరువు వద్దు.

- కాల్షియం నైట్రేట్‌ను ఫాస్ఫేట్, సల్ఫేట్ ఎరువులతో ఒకే తొట్టిలో పోయవద్దు.

- రాగి మందు చేపకు, రొయ్యకు విషం. డ్రమ్ము కడిగిన నీళ్లు కాలవలో గానీ, చెరువులో గానీ, గుంటల దగ్గర గానీ పారబోయరాదు.

- అనుమానం వస్తే మండల వ్యవసాయాధికారిని గానీ, ఉద్యాన అధికారిని గానీ అడగాలి. అడిగేటప్పుడు మందు పేరే కాదు, దాంట్లో ఏముందో రాసిన డబ్బా మీది చీటీ కూడా చూపించండి.

కరిగిన రాగి ఆకును కాలుస్తుంది, మడ్డి కట్టిన రాగి కాపాడుతుంది. జింకు విషయంలో ఇది తిరగబడుతుంది. కరిగిన జింకు పైరుకు తిండి, మడ్డి కట్టిన జింకు దండగ. ఏది ఎప్పుడు కరగాలో, ఏది ఎప్పుడు మడ్డి కట్టాలో తెలుసుకుని కలిపితే కొన్న ప్రతి కిలో పంటకే చేరుతుంది.